పన్నెండో భాగం దాకా దొరకని డోలు

రిటైరైన పోలీసు అధికారులు ఖాళీగా కూర్చుంటే వాళ్ల అనుభవం వృథా అయిపోతుందని మా జిల్లా కేంద్రంలో ఎవరికో బెంగ పట్టుకుంది. ఎక్కడో ఒక విశ్రాంత అధికారి, తాను పట్టుకున్న హంతకుల ముచ్చట్లు పాడ్‌కాస్టులో చెబితే జనం చెవులప్పగించి విన్నారట. విన్నవాళ్లలో మా పెద్దాఫీసు వాళ్లు కూడా ఉన్నారు. ఇంకేం, ఉత్తర్వు వచ్చేసింది. ప్రతి సర్కిల్లోనూ ‘విశ్రాంత రక్షకభట సంభాషణా విభాగం’ నెలకొల్పవలెను. వారానికొక నేరగాథ ప్రజలకు వినిపించవలెను. తద్వారా ప్రజల్లో నేరం పట్ల భయమూ, పోలీసుల పట్ల ప్రేమా పెంపొందించవలెను. ఈ రెండూ తారుమారైతే ఎవరు బాధ్యులో మాత్రం అందులో రాయలేదు.

మా తాళ్లమెరకలో నాది మైకు సెట్టు షాపు. పేరు గవర్రాజు సౌండ్స్. పెళ్లయినా, పురాణ కాలక్షేపమయినా, పార్టీ మీటింగయినా నా బాక్సులే మోగాలి. ఊళ్లో మైకులున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి స్టేషను నుంచి కబురొచ్చింది. దారిపొడవునా నేనేం నేరం చేశానా అని వెతుక్కుంటూ వెళ్లాను. తీరా చూస్తే వాళ్లకు కావలసింది నేను కాదు, నా మైకులు. పట్టుబడ్డ సరుకు దాచే గదిని ఖాళీ చేసి, గోడలకు పాత పరుపులు కట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టారు. కార్యక్రమం పేరు ‘లాఠీ కబుర్లు’.

విభాగానికి అధ్యక్షులు రిటైర్డ్ డీఎస్పీ పరబ్రహ్మం గారు. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన మీసం ఇంకా డ్యూటీలోనే ఉంది. మొదటి అతిథి రిటైర్డ్ సీఐ కోదండపాణి గారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. నేను మీట నొక్కాను.

“కోదండపాణి గారూ, ఆ దొంగతనం జరిగిన నాడు మీరెక్కడున్నారు?” అని పరబ్రహ్మం గారు మొదలుపెట్టారు.

“ఏ దొంగతనం?”

“ప్రశ్న నేనడుగుతున్నాను.”

“అసలు ఈ సంగతి మీకెవరు చెప్పారు?”

“ఎవరు చెబితే మీకెందుకండీ? ఎక్కడున్నారో చెప్పండి.”

“ముందు మీరెక్కడున్నారో చెప్పండి.”

పాపం, వాళ్లనేం అనగలం? ఇద్దరూ సర్వీసంతా ప్రశ్నలడిగినవాళ్లే. జవాబు చెప్పే అలవాటు ఒక్కరికీ లేదు. గంటసేపు సంభాషణ సాగాక పరబ్రహ్మం గారు బల్ల గుద్దారు. కోదండపాణి గారు తన లాయరు వస్తే తప్ప నోరు విప్పనన్నారు. మొదటి భాగం అలా ముగిసింది.

అప్పుడు పద్ధతి మార్చారు. ఒక్కొక్కరే వచ్చి, ఎదురుగా ఎవరూ లేకుండా, తమ అనుభవం చెప్పాలి. చుట్టుపక్కల ఊళ్ల విశ్రాంత అధికారులంతా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. మొదటాయన చెప్పిన కథ ఇది: వాహనాల తనిఖీ చేస్తుండగా మోటారు సైకిలు మీద ఒక వ్యక్తి అనుమానాస్పదంగా కనిపించాడు, పోలీసులను చూసి పారిపోబోయాడు, అదుపులోకి తీసుకుని తమదైన శైలిలో విచారించగా నేరం ఒప్పుకున్నాడు. బాగానే ఉందనుకున్నాను. రెండో ఆయన కథలోనూ అదే వ్యక్తి, అదే తనిఖీ, అదే పరుగు. మూడో ఆయన దగ్గర మోటారు సైకిలు పోయి ఆటో వచ్చింది. మా జిల్లాలో ఏ దొంగా ఎన్నడూ ఇంట్లో కూర్చుని దొరకలేదన్నమాట. నేను ఉండబట్టలేక ఒకాయన్ను, “తమదైన శైలి అంటే ఎలా ఉంటుందండీ?” అని అడిగాను. ఆయన నావైపు ఒకసారి చూసి, తానే లేచి వెళ్లి మైకు కట్టేశారు.

ఈ కథలను వాళ్ల ఇళ్లల్లోవాళ్లు తప్ప ఎవరూ వినలేదు. ఇళ్లల్లోవాళ్లు కూడా సగంలో ఆపేశారని తరవాత తెలిసింది. పెద్దాఫీసుకు కోపం వచ్చి రెండో ఉత్తర్వు పంపింది. దాన్ని పరబ్రహ్మం గారు లేచి నిలబడి చదివారు.

“పాత నేరముల యందు ప్రజలకు ఆసక్తి సన్నగిల్లినందున, ఇకపై కొత్త నేరములను దర్యాప్తు దశలోనే గాథలుగా మలచవలెను. ఒక్కొక్క గాథ పన్నెండు భాగములకు తగ్గరాదు. ముద్దాయి ఎవరన్నది, సొత్తు ఎక్కడున్నదన్నది, చివరి భాగమునకు ముందు ఏ స్థాయి అధికారికినీ తెలియరాదు. ఒకవేళ తెలిసినచో, తెలియనట్లు ప్రవర్తించవలెను.”

స్టేషను ఎస్సై ప్రవల్లిక గారు కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. ఆవిడకి ఇంకా సందేహాలు వస్తుండేవి. “సార్, మరి దొంగ మొదటి రోజే దొరికితే?” అంది.

“దొరకనివ్వకూడదమ్మా. నీకు ట్రైనింగ్ ఇచ్చింది ఎందుకు?” అన్నారు పరబ్రహ్మం గారు.

సరిగ్గా ఆ వారంలోనే నూకరాజు డోలు పోయింది.

నూకరాజు నాకు తమ్ముడి లాంటివాడు. పెళ్లిళ్లలో నా బాక్సుల పక్కనే వాడి మేళం. వాడి బావ సత్తెయ్య సన్నాయి వాయిస్తే వీడు డోలు వాయిస్తాడు. ఆ డోలు పనసచెక్కది, వాళ్ల నాన్న చేయించింది. ఎప్పుడో అంచు చిట్లితే ఇత్తడి పట్టీ వేయించారు. అప్పటినుంచి దాని మీద దెబ్బ పడితే చివర్న చిన్న గంట మోగినట్టు ఖంగుమంటుంది. ఆ ఖంగు విని, తాళ్లమెరకలో చంటిపిల్లలు కూడా నూకరాజు వచ్చాడని చెప్పేస్తారు. స్టేషనుకు ఎదురుగా ఉన్న కల్యాణ మండపంలో తలంబ్రాలయ్యాక వాడు భోజనానికి కూర్చుని లేచేసరికి, వేదిక పక్కన పెట్టిన డోలు లేదు.

వాడు పరుగెత్తుకుంటూ రోడ్డు దాటి స్టేషనుకు వచ్చాడు. విభాగం వాళ్లు వాణ్ణి చూసి ఎంత సంతోషించారో చెప్పలేను.

“కూర్చోవయ్యా, కూర్చో. కాఫీ తాగుతావా?” అన్నారు కోదండపాణి గారు. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాణ్ణి ఆయన కూర్చోమనడం అదే మొదటిసారి.

“కాఫీ ఒద్దండి బాబూ. నా డోలు పోయిందండి. వచ్చే గురువారం మళ్లీ ఈ మండపంలోనే పెళ్లుందండి. ఆయ్.”

“చెప్పు, చెప్పు. కాస్త మైకు దగ్గరికి జరిగి, ఏడుస్తూ చెప్పు.”

నూకరాజు నిజంగానే ఏడుస్తున్నాడు. కానీ మైకులో సరిగా పడలేదని మూడుసార్లు ఏడిపించారు. వాడి మొహం చూడలేక తల దించుకున్నాను. అయినా మీట నొక్కుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే ప్రమాదం జరిగింది. దొంగ తనంతట తానే వచ్చేశాడు.

వాడి పేరు అబ్బులు. మండపంలో గిన్నెలు తోముతాడు. మందు ఎక్కువై, ఒక్కసారి వాయించాలని సరదా పుట్టి డోలు ఎత్తుకుపోయాడట. మత్తు దిగాక గుండె గుభేలుమందట. డోలు నెత్తిన పెట్టుకుని, కళ్లనీళ్లతో వచ్చి, “నేనే తీసేనండి. తప్పయిపోయిందండి. అరెస్టు చేసేయండి” అని గుమ్మంలో కూలబడ్డాడు.

స్టేషనంతా కలవరపడిపోయింది. డోలు గాథ మొదటి భాగం ఇంకా జనంలోకి వెళ్లనేలేదు. ప్రవల్లిక గారు బేడీలు అందుకోబోతే పరబ్రహ్మం గారు అడ్డంగా నిలబడ్డారు.

“నువ్వు దొంగవని ఎవరు చెప్పారు?” అని అబ్బుల్ని గద్దించారు.

“నేనే చెబుతున్నానండి.”

“నువ్వు చెబితే సరిపోతుందా? మేం కనిపెట్టొద్దూ? పన్నెండో భాగానికి రా. ఈలోగా ఎవరికైనా చెప్పావంటే దర్యాప్తును ఆటంకపరిచినందుకు లోపలేస్తాను.”

అబ్బులు బిక్కచచ్చిపోయి డోలు అక్కడే దింపాడు. దాన్ని స్టూడియోలో నా స్పీకరు పక్కన పెట్టి దుప్పటి కప్పారు. అప్పటినుంచి వాడు రోజూ పని అయ్యాక వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చుని, “ఇయ్యాళయినా అరెస్టు చేత్తారాండి?” అని అడిగి పోతుండేవాడు. అదే బల్ల మీద రెండో చివర నూకరాజు కూర్చుని, “ఏమైనా తెలిసిందాండి?” అని అడుగుతుండేవాడు. ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకునేవాళ్లు. అది చూసి నేను నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి వెళ్లి వైర్లు సర్దుకునేవాణ్ణి.

దొంగ తెలిసిపోయాక, తెలియనట్టు దర్యాప్తు చేయడం మామూలు కష్టం కాదు. విభాగం రాత్రింబవళ్లు శ్రమించింది. జనం వేడి మీద ఉండగానే వినాలని మొదటి కొన్ని భాగాలు ఒకే వారంలో వరుసగా వదిలి, మిగిలినవి వారానికొకటి చొప్పున సాగదీయాలనుకున్నారు. మొదట అనుమానం సత్తెయ్య మీద పెట్టారు. సన్నాయి వాడికి డోలు మీద అసూయ ఉండటం సహజమని కోదండపాణి గారు సిద్ధాంతం చేశారు. తరవాత వంటమేస్త్రిని పిలిపించి, పులుసు కాచే గుండిగలో డోలు పడుతుందా పట్టదా అని చర్చించి, చివరికి గుండిగ తెప్పించి దుప్పటి కిందున్న డోలుతోనే కొలిచి చూశారు. పట్టలేదు. వంటమేస్త్రి బయటపడ్డాడు. పెళ్లి చేయించిన పంతులు గారు మంత్రం మధ్యలో రెండుసార్లు డోలువైపు చూసినట్టు వీడియోలో తేలడంతో ఆయనకో భాగం కేటాయించారు.

అన్నిటికంటే పాపం పెళ్లికొడుకు. అత్తారింట్లో మూడు నిద్రలు కూడా కాకుండానే అతన్ని పట్టుకొచ్చారు.

“మేళం మోగుతుండగా నువ్వు తల దించుకున్నావు. ఎందుకు?” అని పరబ్రహ్మం గారు అడిగారు.

“తాళి కడుతున్నానండి.”

“తాళి కట్టేటప్పుడు తల దించుకోవడం నీ మామూలా?”

“మొదటిసారండి” అన్నాడు కుర్రాడు. ఆ మాటకు శ్రోతలు బాగా స్పందించారట.

వెనకాల ఉత్కంఠ కోసం ఏదైనా చప్పుడు కావాలన్నారు. నా దగ్గరున్నవి భజన తాళాలూ, పార్టీ పాటలూను. బల్ల మీద ఊరికే కూర్చున్న అబ్బులికి పని చెప్పారు. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య వాడు దుప్పటి తీసి డోలు మీద రెండు దెబ్బలు వేస్తాడు. డోలు ఖంగుమంటుంది. ఊరంతా ఫోన్లలో ఆ ఖంగు విన్నది. పోయిన డోలు గురించి చెప్పే కార్యక్రమంలో పోయిన డోలే మోగుతోందని విభాగానికి తప్ప అందరికీ తెలిసిపోయింది.

నూకరాజు టీకొట్లో విన్నాడు. గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

“అయ్యా, అది నా డోలండి! మీ కాడే ఉందండి!”

“అది నేపథ్య సంగీతం. సాక్ష్యం కాదు” అన్నారు పరబ్రహ్మం గారు.

“దండవెడతానండి బాబూ. ఎల్లుండి గురువారమండి. డోలు లేకపోతే మండపం వాళ్లు మా మేళం మానిపించి డీజే పెట్టేసుకుంటామన్నారండి. ఒక్క పెళ్లికి కాదండి, మొత్తానికేనండి. మా బావ కూడా వేరే డోలు చూసుకుంటానంటున్నాడండి.”

“పన్నెండో భాగం ఆషాఢంలో వస్తుంది. అప్పుడు తప్పకుండా దొరుకుతుంది. బెంగపడకు.”

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. ఆ సంగతి పరబ్రహ్మం గారికీ తెలుసు. నూకరాజు గుమ్మం దాకా వెళ్లి, దుప్పటి వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు ఆ క్షణాన ఆ పరుపుల గదినీ, ఆ మీసాన్నీ, ఆ ఉత్తర్వునీ కలిపి తగలబెట్టాలనిపించింది.

ఆ సాయంత్రమే మూడో ఉత్తర్వు వచ్చింది. శ్రోతలకు ఇప్పటి అనుమానితులెవరూ ఆనడం లేదు, ముద్దాయి ‘మిక్కిలి ఊహించని వ్యక్తి’ అయి ఉండవలెను అని. విభాగం తల పట్టుకు కూర్చుంది. అబ్బులు పనికిరాడు. గిన్నెలు తోమేవాడు దొంగంటే ఎవరూ ఆశ్చర్యపోరు. పైగా వాడు తానే ఒప్పుకున్నాడు. అందులో పోలీసు ప్రతిభేముంది?

“ఇంతవరకూ అనుమానించనిది ఎవర్ని?” అన్నారు పరబ్రహ్మం గారు.

కోదండపాణి గారు ఆలోచించారు. ఆయన మొహం మెల్లగా వెలిగింది. “ఫిర్యాదీని!”

“శభాష్!”

“సార్, ఆయన డోలు ఆయనే ఎందుకు దొంగిలిస్తాడు?” అంది ప్రవల్లిక గారు.

“అదేనమ్మా ట్విస్టు. కారణం ప్రేమ. ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో తానే ఎత్తుకుపోయాడు” అన్నారు కోదండపాణి గారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి కూడాను.

ఇక మిగిలింది రికవరీ. సొత్తును ముద్దాయి ఇంట్లో పట్టుకోవాలి, కెమెరాలో తీయాలి. గురువారం పొద్దున్న పదింటికి తీసి దాచిపెట్టి, పన్నెండో భాగంలో వదలాలని నిర్ణయించారు. అయితే సొత్తు స్టూడియోలో ఉంది. అందులో ఎవరికీ ఇబ్బంది కనబడలేదు.

“ముందు రోజు ఇంట్లో పెట్టించేద్దాం. నా సర్వీసులో ఏ సొత్తూ దానంతటది ముద్దాయి ఇంటికి నడిచి వెళ్లలేదు” అన్నారు కోదండపాణి గారు.

ఆ పనికి నన్ను నియమించారు. నా ఆటోలో స్పీకరు పెట్టెలో పెట్టి తీసుకెళ్లాలి. రసీదు ఉండకూడదు. నూకరాజుకి ఏమీ చెప్పకూడదు, మొహంలో ఆశ్చర్యం సహజంగా రావాలట.

“ఎక్కడ పెట్టమంటారండీ?” అని వినయంగా అడిగాను.

“గుమ్మంలోంచి చూస్తే కనబడేలా పెట్టు. కెమెరాకి శ్రమ ఉండకూడదు.”

బుధవారం మధ్యాహ్నం వెళ్లేసరికి వాడి ఇంట్లో ఎవరూ లేరు. తలుపు గొళ్లెం తీసి, ముందు గదిలో నట్టనడుమ చాప పరిచి, దాని మీద డోలు పెట్టాను. గుమ్మంలోంచి చూస్తే అది తప్ప ఇంకేమీ కనబడదు. ఆజ్ఞను అక్షరాలా పాటించానన్న తృప్తితో అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి నూకరాజు వచ్చాడు.

వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. తరవాత లోపలికి వెళ్లి, డోలు పక్కన కూర్చుని, తాళ్లు ఒక్కొక్కటే తడిమాడు. ఒంటి వేలితో ఒక్కసారి తట్టాడు. అది ఖంగుమంది. వాడి భుజాలు కదిలిపోతున్నాయి.

“అన్నయ్యా, ఇది ఇక్కడికెలా వచ్చింది?”

“పన్నెండో భాగంలో చెబుతారురా. నేను చెబితే నేరం.”

“ఎవరు తీసేరంట?”

“నువ్వే.”

వాడికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. “నా డోలు నేనెత్తుకెళ్లేనా?” అని పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తరవాత మొహంలో రంగు పోయింది. “జైల్లో వేసేత్తారా అన్నయ్యా?”

“రేపు పదింటికి కెమెరాతో వస్తారు. అప్పటికి నువ్వూ డోలూ ఇక్కడ ఉండాలి.”

“పదింటికా?” వాడు డోలు వైపు చూశాడు. “ముహూర్తం పదిన్నరకే కదా. తొమ్మిదింటికల్లా నేను మండపంలో ఉండాలి.”

“ఆ సంగతి వాళ్లు నన్నడగలేదు” అన్నాను.

గురువారం పదింటికి విభాగం మొత్తం నూకరాజు ఇంటికి వెళ్లింది. గుమ్మంలోంచి చూస్తే చాప చక్కగా కనబడుతోంది. వాడి భార్య మంచినీళ్లిచ్చి, “పెళ్లికెళ్లేరండి. ఆయ్. వచ్చేతలికి మజ్జానం అవుద్దండి” అంది. కోదండపాణి గారు చాప ఎత్తి కింద కూడా చూశారు.

అందరం స్టేషనుకు తిరిగొచ్చి కూర్చున్నాం. అప్పుడు కిటికీలోంచి వినబడింది. ఎదురుగా మండపంలో సన్నాయి, దాని కింద డోలు, దెబ్బ దెబ్బకీ చివర్న ఖంగు. నూకరాజు అంత గొప్పగా వాయించడం నేనెప్పుడూ వినలేదు.

ప్రవల్లిక గారు లేచింది. “సార్, రోడ్డు దాటితే చాలు. డోలూ దొరుకుతుంది, మీరనే ముద్దాయీ దొరుకుతాడు. వెళ్లమంటారా?”

పరబ్రహ్మం గారు మీసం మీద చెయ్యి వేశారు. “ఇప్పుడు ఏ భాగం నడుస్తోంది?”

“ఏడో భాగం సార్.”

“ఏడో భాగంలో డోలు ఎక్కడుందో మనకి తెలుసా?”

“ఉత్తర్వు ప్రకారం తెలియదు సార్.”

“మరి ఆ వినబడేదేమిటి?”

ఆ అమ్మాయి మొహాన నవ్వు నేను అప్పుడే మొదటిసారి చూశాను. “నాకేమీ వినబడటం లేదు సార్” అంది.

“నాకూ వినబడటం లేదు” అన్నారు కోదండపాణి గారు దిగులుగా.

బల్ల మీద నుంచి అబ్బులు ఉత్సాహంగా తల లోపలికి పెట్టాడు. “అదేనండి! నేను తీసిన డోలు అదేనండి!”

“నోర్ముయ్! నువ్వింకా దొరకలేదు” అన్నారు పరబ్రహ్మం గారు.

ఇంతలో మండపంలో గట్టిమేళం మోగింది. సన్నాయి పైకి లేచింది. డోలు ఒక్కసారిగా ఉరుములా ఊపందుకుంది. కిటికీ ఊచలు కూడా అదిరాయి. విభాగంలో ఎవరికీ ఏమీ వినబడలేదు. అయినా పరబ్రహ్మం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన్ను చూసి కోదండపాణి గారూ లేచారు. ఇద్దరూ మండపం వైపు తిరిగి, కుడిచేతులు ఎత్తి, గుప్పిట్లో లేని అక్షింతలు కిటికీలోంచి వేశారు.